పోవద్దన్న సారు

మా బజారులో నన్ను మించిన బేరగాడు లేడని నేను చెప్పుకోనక్కర్లేదు, నాతో మాటల్లేనివాళ్లే చెబుతారు. అలాంటి నేను యాభై ఏళ్ల తెలివినంతా ఒకచోట పోగేసి ఒక నిర్ణయం తీసుకున్నాను. రెండు టెంపోలు, పంతొమ్మిది మంది మనుషులు, తలా ఒక కట్టె, తలా ఒక చిత్రాన్నం పొట్లం. పట్టపగలు బళ్లారి నుంచి మోక ఊరు దాటి, మా అక్కను ఇచ్చిన పల్లె దగ్గర కాలువ తూము మీద పడడం. పోలీసులకు తెలియనివ్వలేదు, మా బావకూ తెలియనివ్వలేదు. ఇంత పకడ్బందీ పని మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చేయలేదు. ఇంత పెద్ద తప్పూ ఎవరూ చేయలేదు. రెండు రికార్డులూ నావే.

వద్దని ముందే చెప్పిన మనిషి ఒక్కరే. ఆయన అదే మాట నలభై ఏళ్లుగా ప్రభుత్వాలకు చెబుతూ వచ్చారు. వాళ్లూ వినలేదు. ఆ విధంగా నేను పెద్దపెద్ద దేశాల సరసన చేరాను.

పోయిన నెల చర్చి మనిషి ఒకాయన మా అంగడికి వచ్చి తెల్ల చొక్కా కావాలన్నాడు. సైజు ముప్పై ఎనిమిది, చేతులు మాత్రం రెండంగుళాలు పొడుగుండాలన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు. బళ్లారిలో ఆ కొలత ఒక్క మనిషిదే.

ఆయన్ని అందరం సారు అనే పిలిచేవాళ్లం. ఈ ఊళ్లోనే పుట్టి, మిషను బడిలో చదివి, ఢిల్లీ పోయి అక్కడ పెద్ద చదువుల పిల్లలకు విదేశాంగ విధానం బోధించి, రిటైరయ్యాక తిరిగొచ్చి సత్యనారాయణపేటలో ఒంటరిగా ఉన్నారు. ఒక దేశం ఇంకో దేశంలోకి సైన్యాన్ని పంపకూడదు, చెడు కోసం ఎటూ కూడదు, మంచి కోసమైతే అసలే పంపకూడదు. జీవితమంతా ఆయన అమ్మజూపిన సరుకు ఇదొక్కటే. పుస్తకాలు రాశారు, అన్నీ ఇంగ్లీషులో. నేను వాటిని చేత్తో తూచి చూశాను గాని చదవలేదు. ఢిల్లీలో సభలకు పిలిచేవాళ్లట. సైన్యం పోవాలనేవాళ్లు పదిమంది, వద్దనే ఈయన ఒక్కరు.

"పెండ్లికూతురికి దిష్టిచుక్క పెట్టినట్ల పెట్టేవోళ్లప్పా నన్ను," అనేవారు.

"మీ మాట ఎవురన్నా విన్నారా సార్?"

"ఒక్కడూ వినలే."

"మరి అంగడి యాల తెరిసి పెట్టినారు?"

"నేను మూస్తే బజార్లో వాళ్ల సరుకొక్కటే మిగుల్తాది కదప్పా."

నాకా మాట నచ్చింది. గిరాకీ లేకపోయినా పొద్దున్నే షట్టరు ఎత్తేవాణ్ని మా వీధిలో గౌరవిస్తారు.

మొదటిసారి మా అంగడికి ప్యాంటు కోసం వచ్చినప్పుడు ఆయన ధర అడగలేదు. బట్టను వెలుతురులో పెట్టి చూసి, "ఇది వాపసు తీసుకుంటావా?" అన్నారు.

"ముందు ధర అడగండి సార్."

"ధర ఆమేలె చూద్దాం. వాపసు సంగతి చెప్పు."

నా తల మీదున్న బోర్డు చూపించాను. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆయన బోర్డు కిందికి వచ్చి చేతులు కట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇట్లాంటిది ఢిల్లీలో ప్రతి మంత్రి గదిలో తగిలియ్యల్లప్పా."

అదీ ఆయన తీరు. దేంట్లోనైనా లోపలికి పోయే దారి కంటే ముందు బయటికొచ్చే దారి వెతికేవారు. హోటల్లో తలుపు పక్క బల్ల. పెళ్లికి పోతే చెప్పులు వీధి వైపు తిప్పి విడిచేవారు. ఎవడైనా ఏ పనికైనా ఉత్సాహంగా బయల్దేరితే మెల్లగా ఒక మాట అడిగేవారు: "వచ్చేది ఎట్ల?" ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. కొత్త బ్రాంచి పెడదామని ఎగిరి గంతేస్తున్న రోజు కూడా అదే అడిగారు. బ్రాంచి ఏడాదికి మూసేశాను, అది వేరే సంగతి.

ఇంకొక అలవాటు ఉండేది. మాట ముదిరిందంటే ఎడమచేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. మొదట్లో నేను ఇది పాఠం చెప్పేవాళ్ల అలవాటనుకున్నాను. అది ఎందుకో ఉడిపి హోటల్లో తెలిసింది.

ఆ రోజు హోటల్ టీవీలో పక్క దేశం తగలబడుతోంది. మనవాళ్ల అంగళ్లు కాలుస్తున్నారని చూపిస్తున్నారు. కాలే అంగడి చూస్తే లోపలి సరుకు ఖరీదు లెక్కగడతాను, అది ఏ దేశానిదైనా సరే. పక్కబల్ల మీద ఇళ్ల సైట్ల బ్రోకరు ఒకడు దోసె తుంచుతూ అరుస్తున్నాడు.

"దండు పంపల్ల! నాలుగు దినాల్లో తేల్చెయ్యల్ల! ఏమంటారు సార్?"

"పంపుదాం లేప్పా," అన్నారు సారు. "వచ్చేది ఎట్ల?"

"గెలిచినాక వస్తారు!"

"గెలిచినామని ఎవురు చెప్పల్ల? ఆ ఊర్లో బతికేటోళ్లా, ఈడ దోసె తినేటోళ్లా?"

హోటల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. బ్రోకరుకు అదే తగిలింది. లేచి వచ్చాడు.

"నీ ఇంటి ఆడబిడ్డ ఆడ ఉంటే ఇట్లే మాట్లాడతావా, ముసలోడా?"

సారు గడియారం విప్పారు. జేబులో వేసుకున్నారు.

"నా ఇంటి ఆడబిడ్డ ఆడ్నే ఉంటే, నువ్వు యేసే బాంబు ఆయమ్మను గుర్తుపట్టి పక్కకి పోతాదాప్పా?"

చెంపదెబ్బ టపాకాయలా పేలింది. కళ్లద్దాలు సాంబారు గిన్నెలో పడ్డాయి. సారు వాటిని తీసి, తుడిచి, పెట్టుకుని, మాట ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి మొదలుపెట్టారు.

"ఒక్క దెబ్బతో నిలిపితివి, సంతోషం. దండు ఒక దెబ్బతో నిలపదప్పా."

ఆ మాటతో రెండో దెబ్బ పడింది, ఈసారి పిడికిలి. పెదవి చీలింది. చట్నీలో రక్తం పడింది. మూడోసారి వాడు కుర్చీని తన్నాడు, సారు కుర్చీతోపాటు గోడకు పోయి కొట్టుకున్నారు. వెయిటర్లు వచ్చి వాణ్ని పట్టుకున్నారు. నేను ఏం చేశానంటారా? దోసె తిన్నాను. తలెత్తకుండా, శ్రద్ధగా, అంచులతో సహా. ఆ బ్రోకరు నా పాత గిరాకీ.

బయట కొళాయి దగ్గర సారు నోరు కడుక్కుంటుంటే సిగ్గేసి అన్నాను.

"నేను లేసి అడ్డం పడాల్సింది సార్."

"యాలప్పా? నా పుస్తకాల్లో రాసింది పాటించినోడు ఈ దేశంలో నువ్వొక్కడివే కదా," అని పకపకా నవ్వారు. నవ్వితే పెదవి మళ్లీ చీలింది.

ఆయన కనుబొమ మీద కుట్ల మచ్చ ఉండేది, ఏదో సభలో ఎవరో విసిరిన గాజు గ్లాసుది. కుడిచేతి చిటికెన వేలు వంకర, ఊరేగింపులో లాఠీది. మెడ ఎముక ఒకవైపు పైకి లేచి ఉండేది. దాని కథ చెప్పమంటే, "పుస్తకంలో పేజీ అడుగున సన్న అక్షరాలు ఉంటాయి చూడు, ఇయ్యి అయ్యే," అని దాటేసేవారు. యుద్ధం వద్దని చెప్పేవాడికి ఇన్ని దెబ్బలు ఎందుకు తగులుతాయో నాకు అంతుబట్టేది కాదు. యుద్ధం కావాలని అరిచిన వాళ్లెవరి ఒంటి మీదా నేను అన్ని మచ్చలు చూడలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నా స్కూటరు ఎక్కి సంగనకల్లు గుట్టల దగ్గరికి తీసుకుపొమ్మనేవారు. రాతిగొడ్డళ్లు నూరిన గాడులు బండల మీద ఇంకా ఉన్నాయి. ఇక్కడ వేల ఏళ్ల కిందట గొడ్డళ్ల కార్ఖానా ఉండేదని, ఇక్కణ్నుంచి చుట్టూ ఊళ్లకు సరఫరా అయ్యేవని ఆయన చెబుతుంటే, నాకు వచ్చిన సందేహం నేను అడిగాను.

"ఇన్ని గొడ్డళ్లు ఎవురు కొంటారు సార్? అన్ని చెట్లు ఉండెనా?"

ఆయన వంగి ఒక గాడి మీద వేలు రాశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపారు. "ఇదే ప్రశ్న నేను నలభై ఏండ్లు ఇంగ్లీషులో అడిగినా. ఇంత చక్కగా రాలేదు."

"సరుకు నిలవ పడితే గిరాకీ పుట్టియ్యల్ల సార్. మా నాయన గద్దె మీద కూచోబెట్టి నేర్పిన మొదటి పాఠం."

"మీ నాయన్ని ఢిల్లీకి పిలవాల్సింది," అన్నారాయన.

ఆ తర్వాతి నెలల్లోనే, అంటే ఇప్పటికి మూడేళ్ల కిందట, మా అక్క ఫోను వచ్చింది.

"తమ్ముడూ, పదైదు దినాలాయ తూము ఇడిసి. మిరప పూతంతా రాలిపోతాండాది. మీ బావ పైఊరోళ్లతో మాటా మాటా పెట్టుకుని ఇంట్లో అలిగి కూచున్నాడు. నువ్వు మాటల్లో గట్టోడివి. ఒకసారి వచ్చి పెద్దమనుషులతో మాట్లాడిపోరా."

పిల్లకాలువ మీద వాళ్లది చివరి ఊరు. పైఊరు తూము దాటాకే వీళ్లకు నీళ్లు. ఆరెకరాల మిరప, ఆ ఏడాది అక్కావాళ్ల బతుకంతా అందులోనే ఉంది. ఆమె "వచ్చి" అన్నది నాకు వినిపించింది. "మాట్లాడి" అన్నది వినిపించలేదు. అంతకు ముందు ఏడాది అదే తూము దగ్గర పైఊరివాళ్లు మా బావ చొక్కా చించి పంపారు. ఆ చొక్కా నా అంగడిదే. ఆ కసి నాలో కుదురుగా కూచుని ఉంది.

అంగడి కాక నాకు జీన్సు ఉతికే యూనిట్ ఒకటి ఉంది, అందులో మనుషులున్నారు. రంగు తొట్టెల్లో తడి గుడ్డను కట్టెలతో తిప్పి తిప్పి బండల్లాంటి భుజాలు. అరచేతులు ఎంత కడిగినా పోని నీలం. పంతొమ్మిది మందిని ఏరాను. బయల్దేరే పొద్దున సారు ఇంటికి పోయాను. సలహా కోసం కాదు. నా ఏర్పాట్లు చూసి మెచ్చుకునేంత చదువు ఊళ్లో ఆయన ఒక్కరికే ఉందని.

అంతా విని ఆయన అడిగారు.

"ఆ ఊర్లో నీకి ఎంతమంది మొకాలు తెలుసప్పా?"

"మా అక్క, బావ."

"మిగిలినోళ్లు?"

"మిగిలినోళ్లతోనే కదా సార్ జగళ."

"నీ పంతొమ్మిది మందికి?"

"వాళ్లకి ఒక్క మొకమూ తెల్లదు. అదే మంచిది సార్, మొహమాటం ఉండదు."

"వచ్చేది ఎట్ల?"

ఈసారి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. "టెంపోలో."

ఆయన నవ్వలేదు. "నువ్వు టెంపోలో వస్తావు. మీ అక్క ఎట్ల వస్తాది?"

"సార్, ఇది దేశాల సంగతి కాదు. మా అక్క నీళ్ల సంగతి. ఎవురూ పోకపోతే ఆ పూత రాలిపోయేది రాలిపోయేదే. అప్పుడు మీ పుస్తకం ఏం చేస్తాది?"

ఆయన లేచారు. లోపలికి పోయి చెప్పులేసుకుని వచ్చారు. "పా. నేనూ వస్తా."

"మీరెందుకు సార్?"

"నలభై ఏండ్లు కాగితం మీదనే చూస్తి. ఒకసారి మొకాలు చూస్తా."

ముందు టెంపోలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టాను. మోక దాటగానే ఆయన గడియారం విప్పడం చూశాను.

"ఇంకా ఊరే రాలేదు సార్."

"ఈసారి దెబ్బ యాణ్నుంచి వస్తాదో తెల్లదప్పా."

బావకు చెబితే ఆపుతాడని నేరుగా తూము దగ్గరికే పోయాం. ఎండ నెత్తిన ఉంది. పైఊరి పొలాల్లో మనిషి లేడు, అందరూ అన్నాలకు పోయి ఉన్నారు. తూము గట్టు మీద ఒక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో బారెడు ఇనుప కడ్డీ. కడ్డీ పట్టుకుని తూముకు కాపలా ఉన్న పైఊరోడు. నాకు అట్లానే కనిపించాడు. నేను టెంపో దగ్గరే నిలబడి చెయ్యి ఊపాను. అంతే నేను చేసింది. ఒక్క దెబ్బ కూడా నేను వేయలేదు.

మొదటి కట్టె ఆయన కుడి మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు టెంపో దాకా వినిపించింది. కడ్డీ కాలువలోకి జారింది. ఆయన ఎడమచేత్తో విరిగిన చెయ్యి పట్టుకుని ఏదో అరిచాడు. రెండో దెబ్బ తల మీద. మోకాళ్ల మీద కూలాడు. నలుగురు పట్టి లేపారు, చొక్కా నిండా చెమటకు దిగిన నీలి చేతిముద్రలు, వాటి మీదుగా ఎర్రగా కారుతోంది. మళ్లీ కింద పడేశారు. మనవాళ్లకు ఊపు వచ్చింది. తొట్టెలో గుడ్డను బాదే లెక్కనే బాదారు, ఒకడి తర్వాత ఒకడు, వరుసగా, ఆయాసం లేకుండా. ఆ మనిషి అరుస్తున్నది నాకు మాటలుగా అందలేదు.

సారుకు అందింది. ఆ పొడుగు చేతులు రెండూ చాచుకుని ఆయన పరుగెత్తడం చూశాను. డెబ్బై దాటిన మనిషి గట్టు మీద పరుగెత్తి, ఆ మనిషి మీద బోర్లా పడిపోయారు. మనవాళ్లు చూసుకునేలోగా మూడు కట్టెలు ఆయన మీద పడ్డాయి. రెండు వీపు మీద, ఒకటి చెవి మీద.

"నిలపండ్రా! నిలపండి!" అని అరుస్తున్నారు కింద నుంచి. "మీకే నీళ్లు ఇడుస్తాండాడు! మీకేరా!"

కట్టెలు ఆగాయి. కాలువ చప్పుడు వినిపించింది. తూము తలుపు జానెడు పైకి లేచి ఉంది. నీళ్లు కింది కాలువలోకి, మా అక్క పొలం వైపు పరుగెడుతున్నాయి.

ఆయన నీరుగంటి. వంతుల ప్రకారం తూములెత్తి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. రెండు ఊళ్లూ ఆయనకు గింజలు కొలుస్తాయి, ఆయన ఏ ఊరి పక్షమూ కాదు. కరువు ఏడాది పైఊరివాళ్లు నలుగురి ముందు నీళ్లు ఇచ్చేది లేదంటారు, ఇస్తే వాళ్ల మాట పోతుంది. మధ్యాహ్నం అన్నాలకు ఇళ్లకు పోతారు, పోయి కొంచెం ఎక్కువసేపే తింటారు. ఆ వేళలో నీరుగంటి వచ్చి తలుపు జానెడు ఎత్తుతాడు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ఎన్ని తరాలుగానో అట్లానే నడుస్తోంది. మా బావ మాటజారినందుకు ఆ ఏడాది పదిహేను రోజులు అది ఆగింది. పైఊరి పెద్దలు ఆ పొద్దున్నే మెత్తబడి, ఈ పూట అన్నానికి తొందరగా పోదామనుకున్నారు. నేను ముందు అక్క ఇంటికి పోయి ఒక లోటా మజ్జిగ తాగి ఉంటే ఆ లోపలే పొలంలో నీళ్లు కనబడేవి.

నీరుగంటినీ సారునూ ఒకే టెంపోలో ఎక్కించుకుని బళ్లారి పెద్దాసుపత్రికి తెచ్చాం. రెండో టెంపో పైఊరివాళ్లకు చిక్కింది, అందులోవాళ్లు పొలాలకు అడ్డంపడి పారిపోయారు. రెండు రోజులకు పైఊరు మా అక్క ఇంటి మీదికి వచ్చింది. మా బావ ఎడమ మోకాలిని గడ్డపార మొద్దువైపుతో చితక్కొట్టారు. ఆరెకరాల మిరపనూ, పూతతో సహా, మొక్క మొక్క పీకి బాటకు అడ్డంగా పేర్చారు. అప్పుడు అక్కడ మేం ఎవరమూ లేం.

సారు ఆసుపత్రి మంచం మీద "నేను చెప్తి కదా" అంటారని ఎదురుచూశాను. అంటే కొంచెం తేలికయ్యేది, ఎదురు జవాబు ఇవ్వొచ్చు. అనలేదు. దానికంటే పెద్ద శిక్ష వేశారు. ప్రతి ఆదివారం సంగనకల్లు బదులు నీరుగంటి ఇంటికి స్కూటరు తిప్పమన్నారు. అక్కడ ఆయన భార్య సారుకు కాఫీ ఇచ్చేది. నాకు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. నేను గడప బయట నిలబడి వాళ్లిద్దరి మాటలు వినేవాణ్ని.

"ఏమప్పా, వేళ్లు మడుస్తాండావా?"

"బొటనవేలు ఒక్కటే మాట వింటాది సార్. మీ చెవి?"

"ఈ పక్క ఏమీ వినపడదు. మంచిదే, ఈ పక్కన కూచున్నోళ్లు నన్ను ఎంతైనా తిట్టొచ్చు."

"మీ దండులో చేతికి నీలం లేనోళ్లు మీరొక్కరే సార్. అందుకే మీరు మీద పడితే బయపడలే," అన్నాడొకసారి నీరుగంటి. లోపల ఇద్దరూ నవ్వుకున్నారు. గడప బయట నేను నా చేతులు చూసుకున్నాను. వాటికీ నీలం లేదు. ఆ మాట లోపల ఎవరికీ తోచలేదు.

ఒక ఆదివారం తిరిగొస్తూ వేదవతి వంతెన మీద స్కూటరు ఆపి అడిగేశాను.

"హోటల్లో నేను అడ్డం పడకపోతే మీ పుస్తకం పాటించినానంటిరి. మరి తూము దగ్గర మీరెందుకు అడ్డం పడితిరి? అది మీ పుస్తకంలో లేదు కదా?"

"ఉండాదప్పా. ఎవురూ ఆ పేజీ దాకా రారు." ఆయన బాగున్న చెవిని నా వైపు తిప్పుకున్నారు. "నేను దండు తీసుకుపోలే. నా వీపు తీసుకుపోతి. పరాయివాని జగళలోకి పోవద్దని నేను ఎప్పుడూ అనలేదు. తప్పయితే దెబ్బ నీకే తగిలేటట్ల పో అంటాండా. దేశాలు అట్ల పోవు."

"ఎప్పుడూ మీరే రైటా సార్?" నాకు కోపమే వచ్చింది.

ఆయన వంతెన గోడకు ఆనుకున్నారు. కింద ఇసుక, సన్నటి పాయ.

"ఒక దేశం ఉండాది. వద్దని గట్టిగా రాసినా, గట్టిగా అరిచినా. ఆ ఒక్కసారి ఎట్లనో ఎవురూ పోలేదు. నా మాట విన్నారని కాదు, వాళ్లకి వేరే పనులుండె. అయినా నేను ఆ దినం సంతోషపడితి. నెల తిరిగేలోపల ఆడ ఊర్లకూర్లు నరికినారప్పా. చర్చిల్లో దాంకున్నోళ్లని చర్చిల్లోనే." ఆయన గొంతు మారలేదు, అదే భయం వేసింది. "పోయినచోట చచ్చినోళ్లు ఎంతమందో రాసుకున్నట్లే, పోవద్దన్నచోట చచ్చినోళ్లనీ రాసుకున్యా. రెండూ నాయే. ఒక పక్క రాసి ఇంకోపక్క దాచేవాడు పండితుడు కాదు."

"అయితే ఆడికి పోవాల్సిందా, వద్దా?"

"ఇప్పటికీ తెల్లదు. ఏమో పోవాల్సిందేమో. తెల్లదని ఒప్పుకోనీకి ఇరవై ఏండ్లు పట్టె."

అంత పెద్ద చదువు చదివిన మనిషి తెలియదనడం నేను వినడం అదే మొదటిసారి.

పోయిన నెల మిషను సమాధుల తోటలో సారును దించిన రోజు పట్టుమని ఇరవై మంది కూడా లేరు. ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు. చొక్కా చేతులు సరిగ్గా సరిపోయాయి. మట్టి వేసే వరుసలో నీరుగంటి నా ముందు నిలబడ్డాడు. ఎడమచేత్తో వేశాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నేను పిడికెడు మట్టి పట్టుకుని, సారుకు సమాధానం చెప్పాల్సినదేదో ఉందని ఆగాను. ఆయన బతికుండగా ఎన్నడూ నన్ను అడగనిది అది. అడగకపోయినా ఇప్పుడు చెబుతాను. ఇందులో బేరం లేదు, పోయినవి ఇవి.

నీరుగంటి కుడిచెయ్యి. ఇక తూము ఎత్తలేదు. మా బావ ఎడమ మోకాలు. ఆరెకరాల మిరప. ఆ ఊళ్లో మా అక్క కాపురం. ఇప్పుడు ఆమె బళ్లారిలో మా ఇంటి వెనక గదిలో జీన్సు జేబులు కుడుతోంది, నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది. నా పనివాళ్లిద్దరికి జైలు. నేను చెయ్యి ఊపానని వాళ్లు కోర్టులో చెప్పలేదు. సారు ఎడమ చెవి. ఆ వీపు దెబ్బలకూ చావుకూ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నిటారుగా నడవడం నేను చూడలేదు, కాబట్టి సగం నా పేర రాస్తున్నాను. అన్నిటికంటే పెద్దది, ఆ మధ్యాహ్నపు నీళ్లు. తగాదా అయ్యాక అధికారులు వచ్చి తూముకు తాళం వేశారు. ఇప్పుడు పైఊరివాళ్లు అన్నానికి పోయినా కింద ఎవరి పొలానికీ చుక్క రాదు. నాకు పేరు తెలియని వాళ్ల పొలాలు అవి.

వచ్చినదేమిటి? తలుపు జానెడు లేచి ఉన్నంతసేపు పారిన నీళ్లు. అవీ మేం పోకపోయినా వచ్చేవే. కాబట్టి అవి నా పేర రాసుకోలేను.

ఇక నాకు పడిందేమిటని వెతికాను. తూము దగ్గర నాకు ఒక్క దెబ్బ తగల్లేదు. కేసులో నా పేరు లేదు. అంగడి ఒక్కరోజు కూడా మూయలేదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నానికి కూర్చున్నాను. వంకాయ కూర. బాగా ఆకలిగా ఉండింది. రెండోసారి పెట్టించుకుని తిన్నాను.